చవక ట్యూబ్ మైక్: ట్యూబ్ మార్చాలా, క్యాప్సూల్ చూడాలా?

హన్మకొండ శీను:
అన్నా, సెకండ్ హ్యాండ్‌లో చైనా ట్యూబ్ కండెన్సర్ మైక్ ఒకటి దొరికింది. ఏడు పిన్నుల కేబుల్, ప్యాటర్న్ నాబ్ (మైక్ ఏ వైపు శబ్దం పట్టాలో తిప్పి పెట్టేది) ఉన్న పవర్ బాక్స్, అన్నీ ఉన్నాయి. మా దగ్గర ఎక్కువగా జానపదాలే, ఆడవాళ్లు పై స్థాయిలో గట్టిగా ఎత్తుకుంటారు. మగ గొంతుకు మస్తు ఉంది గానీ ఆడ గొంతులో స, ష, చ వచ్చిన ప్రతిచోటా చెవిలో గుచ్చుతోంది. ఈక్యూలో 8 కిలోహెర్ట్జ్ దగ్గర తగ్గిస్తే గొంతులో ప్రాణమే పోతోంది. అందరూ ట్యూబ్ (లోపల సిగ్నల్‌ను పెంచే గాజు గొట్టం) మార్చమంటున్నారు. బతుకమ్మ పాటల పని మొదలయ్యేలోపు తేల్చుకోవాలి.

కాజీపేట రైలుబండి:
ట్యూబ్‌కు ఇప్పుడే డబ్బులు పెట్టకు తమ్మీ. మైక్ జాలీలోకి టార్చ్ వేసి చూడు. బంగారు రంగు పొర నడిమధ్యన చిన్న స్క్రూ, దానికి వైరు ఉంటే, ఇట్లాంటి చవక మైకుల్లో అది చాలావరకు కే67 తరహా క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం). 1960లో నాయ్‌మన్ కంపెనీ యూ67 మైక్‌తో తెచ్చిన డిజైన్ అది. ఆ క్యాప్సూల్ స్వభావమే పై ఫ్రీక్వెన్సీలను ఎత్తి చూపించడం, అందుకే యూ67లో ఎంత ఎత్తితే అంత తగ్గించేలా సర్క్యూట్‌లో ఫీడ్‌బ్యాక్ పెట్టారు. చవక మైకుల్లో క్యాప్సూల్‌ను కాపీ కొట్టి, ఆ తగ్గించే భాగాన్ని వదిలేసి మామూలు సర్క్యూట్‌కు తగిలిస్తారు. గుచ్చేది అందుకే. ట్యూబ్‌ది ఇందులో పెద్ద పాపం లేదు.

కరీంనగర్ మిక్సింగ్:
రైలుబండి అన్న మాట నిజమే గానీ ట్యూబ్ మార్పు ఉత్తది అంటే ఒప్పుకోను. నా మైక్‌లో 12ఏఎక్స్7 రకం ట్యూబ్ తీసి 12ఏవై7 రకం పెట్టాను. పిన్నులు ఒకటే, వైరింగ్ ముట్టుకోనక్కర్లేదు. మొదటిదాని గెయిన్ ఫ్యాక్టర్ 100, రెండోదానిది 40 చిల్లర, కాబట్టి ప్రీఆంప్ కొంచెం పెంచాలి. పాట ఆగినప్పుడు వెనక వినిపించే సుయ్ సుయ్ బాగా తగ్గింది, మైక్‌ను వేలితో తడితే ట్యూబ్ గంటలా మోగడమూ పోయింది. కానీ స, ష గోల మాత్రం అట్లనే ఉంది, అది నిజం.

నర్సంపేట సోల్డరింగ్:
విప్పే ముందు ఒక మాట. ఇది 48 వోల్టుల ఫాంటమ్ మైక్ (మిక్సర్ నుంచే కేబుల్‌లో కరెంటు తీసుకునేది) కాదు, లోపల వంద వోల్టులు దాటిన డీసీ ఉంటుంది. ప్లగ్ పీకినా పవర్ బాక్స్‌లోని పెద్ద కెపాసిటర్లలో ఛార్జ్ నిలిచి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి సున్నాకు వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టు. బాక్స్ వెనక 115/230 స్విచ్ ఉంటే 230 మీద ఉందో లేదో కూడా చూసుకో.

ఇక అసలు పని. నేను చూసిన మైకుల్లో ట్యూబ్‌లో ఒక సగం గెయిన్ ఇస్తుంది, రెండో సగం క్యాథోడ్ ఫాలోవర్, అంటే సిగ్నల్‌ను పెంచకుండా ముందుకు దాటించేది. మొదటి సగం ప్లేట్ (సిగ్నల్ బయటికొచ్చే పిన్ను) నుంచి గ్రౌండ్‌కు చిన్న ఫిల్మ్ లేదా మైకా కెపాసిటర్ ఒకటి వేస్తే పైన మెల్లగా దిగుతుంది. 220 పికోఫారడ్‌తో మొదలుపెట్టి విని పెంచుకో, 470 దాటితే గొంతు మసకబారుతుంది. వోల్టేజ్ రేటింగ్ 400 అయినా ఉండాలి. పది రూపాయల సరుకు, నచ్చకపోతే పీకెయ్యొచ్చు.

క్యాప్సూల్ వైరు వచ్చి ట్యూబ్ గ్రిడ్‌ను (సిగ్నల్ లోపలికి పోయే పిన్ను) కలిసే చోట మాత్రం ఉత్త వేళ్లతో ముట్టొద్దు. అక్కడి రెసిస్టర్లు వందల మెగాఓమ్‌ల నుంచి గిగాఓమ్ దాకా ఉంటాయి, వాటి ఒంటి మీద ఒక్క వేలిముద్ర చెమట అంటినా కరెంటుకు అడ్డదారి దొరికినట్టే. ఎండాకాలం ఏమీ తెలియదు, ముసురు పట్టిన రోజు చిటపటలు మొదలవుతాయి. సోల్డర్ చేశాక ఫ్లక్స్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. క్యాప్సూల్ పొర మీద బ్రష్ పెట్టకు, నోటితో ఊదకు.

కరీంనగర్ మిక్సింగ్:
అవుట్‌పుట్ వైపు కప్లింగ్ కెపాసిటర్ (డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రం పంపేది) చవకది ఉంటే పాలీప్రొపిలీన్ ఫిల్మ్‌ది వేసుకో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడు. ట్రాన్స్‌ఫార్మర్ జోలికి మాత్రం పోకు. బయటి దేశాల నుంచి మంచిది తెప్పిస్తే కస్టమ్స్‌తో కలిపి మైక్ ధర దాటొచ్చు.

మంచిర్యాల డప్పు:
జాలీలో లోపలి సన్నటి పొర తీసేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

కాజీపేట రైలుబండి:
తీశాను. గొంతు చుట్టూ ఉండే డబ్బా మోత తగ్గింది. కానీ ప, బ దగ్గర గాలి నేరుగా కొడుతుంది, పాప్ ఫిల్టర్ లేకుండా పని జరగదు. బయటి జాలీని మాత్రం ఉంచాలి, క్యాప్సూల్‌కు షీల్డ్ అదే.

హన్మకొండ శీను:
నడిమధ్యన స్క్రూనే ఉంది. సోల్డరింగ్ అన్న చెప్పినట్టు 220 వేసి విన్నాను, తేడా ఉంది గానీ చాలలేదు. ఇప్పుడు 330 ఉంది. అదే అక్కతో అదే పల్లవి పాడించాం, "ఉయ్యాలో" పైకి ఎత్తినప్పుడు గొంతు నిండుగా ఉంది, స మాత్రం ఇప్పుడు మాటలో ఒక అక్షరంగానే వినిపిస్తోంది. డీ-ఎస్సర్ (స, ష గుచ్చుడును తగ్గించే ఎఫెక్ట్) ఇంకా పెడుతున్నా, ఇదివరకటిలో సగమే. ట్యూబ్ అట్లనే ఉంచాను, పాటల్లో వెనక డప్పు, కోరస్ ఉంటాయి కాబట్టి ఆ సుయ్ ఎవరికీ వినపడదు. ఒక సందేహం: బాక్స్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలా?

నర్సంపేట సోల్డరింగ్:
అవసరం లేదు. రికార్డింగ్‌కు అరగంట ముందు ఆన్ చెయ్యి, కేబుల్ మాత్రం ఆఫ్‌లో ఉన్నప్పుడే పెట్టాలి, తీయాలి. వానాకాలం మైక్‌ను సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు.