బస్సులో కచేరీలు వినడానికి ఫోనుకు ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి?

ప్రశ్న:
అన్నలకీ అక్కలకీ నమస్తే. నేను తిరుపతిలో సంగీతం చదువుతున్నాను, గాత్రం. ఇల్లు చిత్తూరు, రోజూ బస్సులోనే రాకపోకలు. పోను గంటన్నర పైనే, రాను అంతే, ఆ టైమంతా ఫోనులో కచేరీలు వింటుంటాను. ఇప్పుడున్న చవక ఇయర్‌ఫోన్స్‌లో మృదంగం రేకు డబ్బా కొట్టినట్టుంది, తంబూర అయితే అసలు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. ఆరు వేలు దాచిపెట్టుకున్నా. షాపులో బ్లూటూత్ తీసుకోమంటున్నారు, మా సీనియర్ ఒకాయన స్టూడియో హెడ్‌ఫోన్ తీసుకో, జన్మంతా ఉంటుంది అంటున్నాడు. ఇంట్లో తంబూర యాప్ పెట్టుకుని సాధన చేయడానికి కూడా పనికి రావాలి, నాలుగేళ్లైనా మన్నాలి. నాది ఆండ్రాయిడ్ ఫోను, గుండ్రటి జాక్ లేదు, టైప్-సి ఒక్కటే. ఏది కొనాలో తేలక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
చెల్లీ, ముందు స్టూడియో హెడ్‌ఫోన్ సంగతి చెప్తాను. పెట్టె మీద ఓమ్‌లు (కరెంటుకు అది ఇచ్చే అడ్డంకి కొలత) ఎన్నో చూడకుండా దాని జోలికి పోవద్దు. నేను అట్లాగే డబ్బులు పోగొట్టుకున్నాను, పేరున్న కంపెనీదే, సెకండ్ హ్యాండ్‌లో వచ్చిందని ఆశపడి 250 ఓమ్‌లది కొన్నాను. ఫోనుకు పెట్టి వాల్యూమ్ చివరిదాకా పెంచినా ఆలాపన ఎక్కడో పక్క వీధిలో పాడుతున్నట్టు వినిపించేది, మృదంగం ఒక్కటే వాయించే తని ఆవర్తనం వస్తే తప్ప మృదంగం మీద ప్రాణం ఉండేది కాదు. వస్తువులో లోపం లేదు, దానికి కావాల్సిన వోల్టేజి నా ఫోను ఇవ్వలేకపోయింది. లెక్క సులభం. ఫోను అదే వోల్టేజి ఇస్తున్నప్పుడు 32 ఓమ్‌ల దానికి ఎంత పవర్ చేరుతుందో, 250 ఓమ్‌ల దానికి అందులో ఎనిమిదో వంతే చేరుతుంది. అందుకే ఫోనుకు నేరుగా పెట్టేది 16 నుంచి 32 ఓమ్‌ల మధ్య చూసుకో. కొన్ని కంపెనీలు ఒకే మోడల్‌ను 32, 80, 250 అని మూడు రకాలుగా అమ్ముతాయి, చూడటానికి మూడూ దాదాపు ఒకేలా ఉంటాయి, కాబట్టి మోడల్ పేరు ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టేయకూడదు.

ఓమ్‌ల పక్కనే సెన్సిటివిటీ అని ఇంకో అంకె ఉంటుంది, ఇచ్చిన పవర్‌కు ఎంత సౌండ్ వస్తుందో చెప్పేది అది. ఒక మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్, ఆ పైన ఉంటే ఫోనుకు హాయి. కొందరు మిల్లీవాట్‌కు రాస్తారు, కొందరు వోల్టుకు రాస్తారు, ఆ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకు. 32 ఓమ్‌ల దానికైతే వోల్టు లెక్కలో అంకె 15 ఎక్కువగా కనిపిస్తుంది, అంతమాత్రాన సౌండ్ ఎక్కువని కాదు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు వినేది బస్సులో. ఇంజన్ మోత, కండక్టర్ విజిల్, కిటికీ అద్దాల గడగడ, వీటన్నిటి మధ్య తంబూర వినపడాలంటే బయటి శబ్దం చెవిలోకి రాకుండా ఆగాలి. వెనక జాలీ ఉండే ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్ ఇంట్లో రాత్రి పూట ఎంత బాగుంటాయో బస్సులో అంత దండగ, బయటి మోతంతా లోపలికి వస్తుంది, నీ పాట పక్క సీటుకు పోతుంది. చెవి రంధ్రంలో బిగుతుగా కూర్చునే వైరు ఇయర్‌ఫోన్స్, రబ్బరు తొడుగులవి, నీకు సరిపోతాయి. రెండు నుంచి మూడు వేలలో నిజంగా మంచివి దొరుకుతున్నాయి ఇప్పుడు. ఆరు వేలూ దానికే పెట్టక్కర్లేదు. వైరు ఊడదీసి మార్చుకునే రకం తీసుకో, ఎందుకంటే ఇయర్‌ఫోన్స్‌లో ముందు పోయేది ఎక్కువగా పిన్ను దగ్గర వైరే, అప్పుడు వైరు ఒక్కటి మార్చుకుంటే నువ్వు అడిగిన నాలుగేళ్లూ వస్తుంది.

నీ ఫోనుకు జాక్ లేదు కాబట్టి టైప్-సి అడాప్టరు కావాలి. ఇక్కడ జాగ్రత్త. ఇవి రెండు రకాలు: ఒకటి ఊరికే వైరు తిప్పి ఇచ్చేది, చాలా ఫోన్లలో అసలు పలకదు. రెండోది లోపల డాక్ చిప్ ఉండేది, డిజిటల్ పాటను ఇయర్‌ఫోన్స్‌కు పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది ఇదే, నీకు కావాల్సింది ఇదే. ఐఫోన్ కోసం చేసిన అడాప్టరు బాగుంటుందని ఎవరైనా చెప్తే, అది చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ తక్కువ ఇస్తుందని గుర్తుపెట్టుకో.

కొనేముందు షాపులో వాళ్లు పెట్టే సినిమా పాట వినొద్దు. అది దేంట్లో పెట్టినా దుమ్ము రేపుతుంది, అందుకే పెడతారు. నీకు కంఠతా వచ్చిన కచేరీ ఒకటి ఫోనులో డౌన్‌లోడ్ చేసుకుని పో. మొదట మృదంగం ఎడమ వైపు విను, తొప్పి (ఆ ఎడమ ముఖం) మీద గుంకీ, అంటే చేత్తో నొక్కి జార్చే గుమ్మనే నాదం, జారేటప్పుడు ఆ స్వరం కిందికీ పైకీ కదలడం తెలియాలి. ఊరికే ధమ్ ధమ్ అంటే బేస్ పెంచి చేసిన సరుకు, అది గొంతును కూడా మింగేస్తుంది. తర్వాత పాట ఆగిన చోట తంబూర విను, తీగ కింద దారం పెట్టి తెప్పించే ఆ జీవ, తేనెటీగ లాంటి సన్నటి ఝుంకారం, అది చెవికి తగిలితే వెంటనే తీసుకో. వయొలిన్ పై స్థాయికి పోయినప్పుడు చెవిలో గుచ్చుకుంటే ఎంత పేరున్నదైనా వద్దు, రోజూ మూడు గంటలు వినేదానివి.

ఇంకొకరు:
అన్న వైరు అన్నారు, నేను బ్లూటూత్ తరఫున ఒక మాట. రెండు చేతుల్లో సంచులు, నిలబడి ప్రయాణం, వైరు ఎవరి గాజులకో చిక్కుకుంటుంది. నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నది తీసుకుంటే ఇంజన్ మోత బాగా తగ్గుతుంది. ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ వివరంగా పంపే పద్ధతి) ఉంటే క్వాలిటీ కూడా బాగానే వస్తుంది కదా?

జవాబు:
నిజమే అక్కా, నిలబడి పోయేవాళ్లకు బ్లూటూత్ సుఖం, కాదనను. ఎల్‌డాక్ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపుతుంది, కానీ కిక్కిరిసిన బస్సులో సిగ్నల్ నిలవక 660కో 330కో దిగిపోతుంది. ఐఫోన్లలో అయితే అది లేనే లేదు. పైగా పాత రేడియో కచేరీలు మోనోలో రికార్డయి, వాటిని ఎవరో క్యాసెట్ నుంచి ఎక్కించినవి వింటున్నప్పుడు 990 వల్ల వచ్చే తేడా ఏమీ లేదు. బ్యాటరీ సంగతి కూడా చూడు, చిన్న బడ్స్‌లో రెండు మూడేళ్లకు అది నీరసిస్తుంది, చాలావాటిలో మార్చడం కుదరదు. చెల్లి నాలుగేళ్లు అంది కాబట్టే వైరు చెప్పాను. ఒక్కటి మాత్రం, నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టుకుని తిరుపతి లీలామహల్ సర్కిల్ లాంటి చోట రోడ్డు దాటొద్దు, ఎవరైనా సరే. హారన్ వినపడకపోవచ్చు.

చెల్లీ, సాధన గురించి అడిగావు. సాధనకు ఇవి పెట్టుకోవద్దు. చెవులు రెండూ మూసుకుని పాడితే నీ గొంతు నీకే తల లోపల నుంచి గుమ్మని మోగుతుంది, శ్రుతి సరిగ్గా ఉందో లేదో తెలియదు. మిగిలిన డబ్బుల్లో ఒక చిన్న స్పీకర్ కొని తంబూర దాంట్లో పెట్టుకో. వాల్యూమ్ కూడా చూసుకో. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ దాటకుండా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. పాడేవాళ్లకు చెవి పోతే ఇంక ఏముంది? ఫోను హెచ్చరిక చూపిస్తే పక్కకు తోసేయకు.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
అన్నా, కొన్నాను. 32 ఓమ్‌లు, 108 డెసిబెల్స్, వైరు ఊడేది, డాక్ ఉన్న అడాప్టరుతో కలిపి మూడు వేల ఆరు వందలైంది. మొదట బేస్ అసలు రాలేదు, ఏడుపొచ్చింది. మళ్లీ పెట్టె తెరిచి చూస్తే మూడు సైజుల తొడుగులున్నాయి. మార్చి మార్చి చూస్తే నా ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి మధ్యది సరిపోయాయి. రెండు చెవులకూ రెండు సైజులు పెట్టుకోవచ్చా, ఏమీ కాదు కదా?

జవాబు:
ఏమీ కాదు, చాలామందికి అంతే. చెవిలో పెట్టాక దవడ కదిపి చూడు, గాలి చొరబడకుండా నిలబడితే సరైన సైజు. వారానికోసారి ఆ తొడుగులు తీసి సబ్బు నీళ్లలో కడిగి, బాగా ఆరాక పెట్టుకో. జాలీలో గుబిలి చేరితే ఒక చెవిలో సౌండ్ తగ్గుతుంది, అప్పుడు ఇయర్‌ఫోన్ పాడైందని కంగారు పడొద్దు. మెత్తటి బ్రష్‌తో, జాలీ కిందికి తిప్పి తుడువు.