ఆర్ట్ క్లాసులో సవర బొమ్మలు: పిల్లల చేత ఎలా వేయిస్తున్నారు?

రాయగడ_డ్రాయింగ్: మాది ప్రైవేటు స్కూలు. ఆరు, ఏడు తరగతులకు ఈసారి గిరిజన చిత్రకళ పెట్టారు. పుస్తకంలో మహారాష్ట్ర గిరిజనుల వార్లీ బొమ్మలు ఒక్కటే ఉన్నాయి, వార్లీ చిత్రకారుడు జివ్యా సోమా మశే గారి గురించి నాలుగు మాటలు. ఆయన గొప్పవారే, 2011లో పద్మశ్రీ వచ్చింది. కానీ ఇక్కడే మన ఒడిశాలో, గుణుపురం దగ్గర పుట్టాసింగిలో లాంజియా సవరల (సవరల్లో ఒక శాఖ) గోడబొమ్మలు ఉండగా మన పిల్లలు మహారాష్ట్రలో వార్లీల పాల్ఘర్ దాకా పోవాలా? ఎవరైనా చేయించి ఉంటే చెప్పండి.

పర్లాకిమిడి_టీచరమ్మ: చేయించాను మాస్టారూ. ముందు తేడా చూపించండి, లేకపోతే సవర బొమ్మ అని చెప్పి వార్లీనే వేసేస్తారు. వార్లీ మనిషి ఒళ్లు రెండు త్రికోణాలు, మొనలు కలిసి ఉంటాయి. సవర మనిషికి అంత పదును ఉండదు, ఆడా మగా తేడా కూడా పెద్దగా తెలీదు. సవర బొమ్మలో ముందు చుట్టూ అంచు కట్టుకుని లోపలికి నింపుకుంటూ వస్తారు. పిల్లలేమో మధ్యలో చెట్టు వేసేసి, చివరికి అంచుకు చోటు లేదని ఏడుపు!

సామాను అంటే ఎర్రమట్టి, బియ్యప్పిండి, చివర నలగ్గొట్టిన వెదురుపుల్ల. పిండి తడిగా ఉన్నప్పుడు గీత సరిగ్గా కనపడదు, ఆరాకే తెల్లబడుతుంది. కనపడట్లేదని పిల్లలు మళ్లీ మళ్లీ దిద్దుతారు, మర్నాటికి పెచ్చులు ఊడిపోతాయి. కాస్త ఫెవికాల్ కలపండి. మిగిలిన పిండి దాచకండి, కంపు కొడుతుంది.

గంజాం_నాన్న: ఫోటో ఇచ్చి దించమంటే అయిపోయేదానికి ఇంత టెన్షన్ ఎందుకండీ? దించితేనే కదా చెయ్యి తిరిగేది.

సవర_కుర్రాడు: నేను సవరవాణ్ని. ఇంట్లో సవర, బళ్లో ఒడియా, సంతలో తెలుగు. నాన్న గారూ, మనుషులు, ఏనుగులు, చెట్లు దించడానికి అభ్యంతరం ఏమీ లేదు. ఇడిటాల్, అంటే పూజ కోసం వేసే మా గోడబొమ్మ, మొత్తాన్ని దించి హాల్లో తగిలిస్తేనే బాగోదు. అది అలంకారం కాదండీ. ఇంట్లో జబ్బు చేసినా, పోయినవాళ్ల కోసమైనా, పంట కోసమైనా లోగోడ మీద వేయించి, కొలుపు చేసి నిలబెట్టేది. ఏం వేయాలో పూజారి చెబుతాడు. మావాళ్లు చాలామంది క్రైస్తవంలోకి వెళ్లాక గోడల మీద తగ్గింది, బట్ట మీదా కాగితం మీదా అమ్మకానికి పెరిగింది. షాపుల్లో అదే బొమ్మ వేసిన చీరను వార్లీ చీర అంటారు, ఒళ్లు మండుతుంది.

పిల్లల చేత మీ వీధిని వేయించండి. గిరిజనుల మీద పరిశోధన చేసిన వెరియర్ ఎల్విన్ ఆ రోజుల్లో నమోదు చేసిన మా బొమ్మల్లోనే విమానం ఉంది. ఆటో, సెల్ టవర్ వేస్తే మా తాతలేమీ కోప్పడరు.

గంజాం_నాన్న: విమానమా! అది నాకు తెలీదు. అయితే మావాడు బస్టాండు వేస్తాడు.

సిరొంచ_మేడమ్: మాది గడ్చిరోలి వైపు. నేను గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్‌తో మొదలుపెట్టాను. పటన్‌గఢ్ ఊరి గోడల నుంచి భోపాల్‌లోని కళాకేంద్రం భారత్ భవన్‌కు వెళ్లిన పరధాన్ శాఖ గోండు ఆయన. మా చుట్టుపక్కల గోండుల్ని చూపించి ఇదే వీళ్ల కళ అనకూడదు, అది మధ్యప్రదేశ్ వాళ్లది. అందరూ చుక్కలు పెట్టేసి గోండు చిత్రం అంటారు కానీ, అక్కడ ఒక్కో చిత్రకారుడికీ సొంత నింపుడు ఉంటుంది, దాన్ని బట్టే ఎవరిదో పోల్చుకోవచ్చు. అందుకని ఎవరి నింపుడు వాళ్లే కనిపెట్టమన్నాను. ఒకమ్మాయి చేప ఒంటి నిండా వడ్లగింజలు నింపింది, ఎంత ముద్దుగా వచ్చిందో! మరో గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ లండన్ వెళ్లొచ్చి అక్కడి బస్సును కుక్కలా, బిగ్ బెన్ గడియారాన్ని కోడిపుంజులా వేశారు. అది చూపిస్తే పిల్లలకు ఇక చెప్పే పనే ఉండదు.

రాయగడ_డ్రాయింగ్: బాగుంది. ఒక పేజీ దించడం, తర్వాత సొంత వీధి. కింద చీటీలో ‘లాంజియా సవర పద్ధతిలో’ అని పేరు పెట్టిస్తాను, 2024 జనవరిలో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది కదా. తమ్ముడూ, మీవాళ్లను ఎవరినైనా ఒకరోజు పిలవొచ్చా?

సవర_కుర్రాడు: పిలవండి సార్. భోజనం పెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి పంపేయకండి, అంతే. బస్సు ఛార్జీ, రోజు డబ్బులు ముందే మాట్లాడుకోండి. మీ ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే నాకు మెసేజ్ పెట్టండి. వరి కోతల్లో మాత్రం ఎవరూ దొరకరు.