ఎల్‌ఎన్‌జీ ఓడలో ఆవిరయ్యే గ్యాసంతా లీకేజీ కిందే లెక్కేయాలా?

ప్రశ్న (తిరుపతి): అన్నా, నేను మెకానికల్ మూడో ఏడాది. ఖతార్ నుంచి ఎన్నూరు టెర్మినల్‌కు వచ్చే ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజవాయువు, అందులో ఎక్కువ భాగం మీథేనే) ఓడ ఉద్గారాల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. 1,74,000 ఘనమీటర్ల ఓడలో రోజుకు సుమారు 0.1 శాతం సరుకు ఆవిరవుతుందని చదివాను. అంటే 174 ఘనమీటర్లు. అదంతా మీథేన్‌గా గాల్లో కలుస్తుందని వేస్తే అంకె భయంకరంగా వస్తోంది. సోమవారం రివ్యూ, ఒకటే టెన్షన్. తప్పెక్కడుంది?

జవాబు (చిత్తూరు, ఓడ ఇంజినీరు): తమ్ముడూ, ఆవిరి వేరు, లీకేజీ వేరు. పలమనేరు నుంచి చెన్నైకి పోయే పాల ట్యాంకర్‌కి చుట్టూ ఎంత మందం పొర ఉన్నా దారిలో పాలు కాస్త వెచ్చబడతాయి కదా. ఓడ ట్యాంకులో ఉన్నది మైనస్ 162 డిగ్రీల ద్రవం. ఆ కాస్త వేడికే పైపైన ఆవిరవుతూ ఉంటుంది. దాన్ని ఊరికే గాల్లోకి వదలరు, ఇంజిన్‌కే ఇంధనంగా పంపుతారు. ఇంకా మిగిలితే మళ్లీ ద్రవంగా మారుస్తారు, లేదా కాల్చేస్తారు. టన్ను కాలితే 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్, అలా వేసుకో.

అసలు భయపడాల్సింది ఇంజిన్‌లో కాలకుండా తప్పించుకునే మీథేన్ గురించి. పిస్టన్ అంచుకూ సిలిండర్ గోడకూ మధ్య సందులో ఇరుక్కున్న గ్యాస్‌కు మంట అందదు, పొగగొట్టం దాకా అలాగే పోతుంది. మేం డెక్ మీద నిలబడి చూస్తే గొట్టంలోంచి పొగే కనిపించేది కాదు. మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద కదిలినట్టు గాలి కదిలేది, అంతే. అందులో మీథేన్ ఉందని కంటికి తెలియదు. ఇంజిన్ మీద లోడ్ తగ్గితే ఇది ఇంకా పెరుగుతుంది.

ప్రశ్న: మరి ఎంత శాతం వేయాలన్నా? మీథేన్ వేడెక్కించే శక్తిని కార్బన్ డయాక్సైడ్‌తో పోల్చి చెప్పాలంటే 28తో గుణించాలా, 80తోనా?

జవాబు: శాతం ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. యూరప్ నిబంధనల్లో తక్కువ పీడనపు ఫోర్ స్ట్రోక్‌కు 3.1, టూ స్ట్రోక్‌కు 1.7, అధిక పీడనపు టూ స్ట్రోక్‌కు 0.2 శాతం. ఫోర్ స్ట్రోక్‌నే తీసుకో. టన్ను ఇంధనంలో 31 కిలోలు కాలకుండా పోతుంది. వందేళ్ల లెక్కన 28 రెట్లు, అంటే 868 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. ఇరవై ఏళ్లకు 80 రెట్ల పైమాటే, అంటే దాదాపు రెండున్నర టన్నులు! కాలిన దాని నుంచి వచ్చేదానికి ఇంచుమించు సమానం. రెండు వరుసలూ పక్కపక్కనే చూపించు, ఒకటి దాచకు. పాత ఆవిరి టర్బైన్ ఓడైతే ఈ బెడద చాలా తక్కువ, కానీ ఇంధనం ఎక్కువ తాగుతుంది. ముందు ఆ ఓడ ఇంజిన్ ఏదో కనుక్కో. దొరక్కపోతే మూడు రకాలకూ విడివిడిగా లెక్కకట్టి పట్టిక పెట్టు.