స్పాంజిలో దొరికిన బ్యాక్టీరియా: దాని నేస్తమా, దాని తిండా?

కళింగతీరం:
చింతపల్లి, బారువ వైపు సముద్రంలో రాతినేల మీద వేసిన వలల్లో స్పాంజిలు (నేలకి అంటుకుని, నీటిని వడకట్టుకుని బతికే జంతువులు) చిక్కి వస్తుంటాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి వాటిలోని సూక్ష్మజీవుల డీఎన్ఏ తీయాలి. బకెట్టులో వేసుకుని ల్యాబుకి తేవచ్చా? అందులో కనిపించిన బ్యాక్టీరియా అంతా సహజీవే (స్పాంజి ఒంట్లో కాపురముండే నేస్తమే) అని రాసేయొచ్చా?

నాగావళి_ల్యాబు:
రెండో ప్రశ్నే ముఖ్యం. అలా రాయకూడదండి. స్పాంజి తిండిలో బ్యాక్టీరియా ముఖ్యమైన భాగం. కిలో స్పాంజి రోజుకి 24,000 లీటర్ల దాకా నీటిని తోడి వడకట్టగలదు. కాబట్టి మీరు కోసిన ముక్కలో అరగని భోజనం కూడా ఉంటుంది. మధ్యధరా సముద్రపు అప్లిసినా ఏరోఫోబా అనే స్పాంజి మీద దీన్ని పరీక్షించారు. మామూలు సముద్రపు బ్యాక్టీరియాని నీళ్లలో కలిపితే గబగబా తినేసింది. తన ఒంట్లోంచి తీసిన సహజీవుల్నే కలిపితే ముట్టకుండా బయటికి వదిలేసింది. అంటే ఎవరు తిండో, ఎవరు ఇంటివాళ్లో స్పాంజికి తెలుసు. మనం తెలుసుకోవాలంటే పోలిక కావాలి. స్పాంజి పక్కనే, అదే లోతులో, అదే గంటలో రెండు లీటర్ల నీళ్లు పట్టి 0.2 మైక్రాన్ ఫిల్టరు మీద వడకట్టండి. ఒకే జాతివి కనీసం మూడు స్పాంజిలు తీసుకోండి. మూడింటిలోనూ దండిగా ఉండి, నీళ్లలో అరుదుగా ఉన్నదాన్నే సహజీవి కావచ్చని రాయండి.

వంశధార_డైవ్:
బకెట్టు వద్దు తమ్ముడూ. స్పాంజి గాల్లోకి వస్తే దాని ఒంట్లోని నీటి కాలువల్లో గాలిబుడగలు ఇరుక్కుంటాయి, నీటిని తోడటం ఆగిపోతుంది. ఆగిన కొద్ది నిమిషాల్లోనే లోపలి ఆక్సిజన్ అయిపోతుంది. దాంతో సూక్ష్మజీవుల పనే మారిపోతుంది. ఎండలో రెండు గంటలు ఉంచిన స్పాంజి అప్పటికే కుళ్లే దారిలో ఉంటుంది, మీకు దొరికేది కుళ్లబెట్టే విబ్రియో బ్యాక్టీరియాల లెక్క. డైవర్ చేత నీళ్లలోనే జిప్ సంచిలో పెట్టించండి. ఐసు సంచి బయట ఉండాలి. లోపల వేస్తే కరిగిన మంచినీళ్లకి కణాలు పగిలిపోతాయి.

పడవ మీదే ఇలా చేయండి: 0.2 మైక్రాన్ వడకట్టిన సముద్రపు నీటితో మూడుసార్లు కడగాలి. స్పిరిట్‌తో తుడిచి కాల్చిన బ్లేడుతో సెంటీమీటరు ముక్కలు కోయాలి, పైపొర విడిగా, లోపలి కండ విడిగా. ఒక వంతు ముక్కకి పది వంతుల అబ్సొల్యూట్ (నీరు కలపని) ఆల్కహాల్ పోయాలి. మర్నాడు ఆ ఆల్కహాల్ పారబోసి కొత్తది పోయడం మరవకండి. స్పాంజి ఒంట్లో ఉన్న నీరు దాన్ని పలచన చేసేస్తుంది, అక్కడే ఎక్కువ శాంపిళ్లు పాడవుతాయి. ఫార్మలిన్ మాత్రం వద్దు, డీఎన్ఏ ముక్కలైపోతుంది.

కళింగతీరం:
మరి వలలో వచ్చినవి పారేయాలా సార్?

వంశధార_డైవ్:
జాతి గుర్తించడానికి పనికొస్తాయి. బియ్యపుగింజంత ముక్కని బ్లీచులో వేస్తే కండ కరిగి స్పిక్యూల్స్ (ఒంటికి ఎముకల్లా ఉండే సన్నని సూదులు) అడుగున మిగులుతాయి. వాటిని పైకి లేపకుండా మూడుసార్లు నీళ్లు మార్చి, ఆఖరికి ఆల్కహాల్‌తో కడిగి స్లైడు మీద ఆరబెట్టండి. యాసిడ్ చుక్క వేస్తే నురగొచ్చి కరిగిపోయేవి సున్నపువి.

పూసపాటిరేగ_పీజీ:
మేడమ్, కొన్ని స్పాంజిల్లో డీఎన్ఏ విపరీతంగా వస్తోంది, కొన్నింట్లో అసలు రావట్లేదు. డీఎన్ఏ తీసే కిట్టు లోపమా?

నాగావళి_ల్యాబు:
కిట్టుది కాకపోవచ్చు. స్పాంజిలే రెండు రకాలు. దట్టంగా ఉండి నిదానంగా నీరు తోడేవాటిలో గ్రాముకి పది కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా సూక్ష్మజీవులు ఉంటాయి, ఒంటి బరువులో మూడో వంతు పైనే అవే కావచ్చు. పలచగా, పెద్ద కాలువలతో ఉండేవాటిలో దాదాపు సముద్రపు నీటిలో ఉన్నంతే. అయితే డీఎన్ఏ బాగా వచ్చి పీసీఆర్‌లో (ఎంజైమ్‌తో డీఎన్ఏకి నకళ్లు తీసే పద్ధతి) బ్యాండు రాలేదంటే అది వేరే సంగతి. స్పాంజి జిగురు, రంగులు ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. పదింతలు పలచన చేసి, బీఎస్ఏ (ఆ అడ్డుని తగ్గించే ప్రోటీన్) కలిపి చూడండి.

బారువ_బీచ్:
మన తీరంలో మన్నార్ సింధుశాఖ, అండమాన్లలోలా పగడపు దిబ్బలు లేవు. వంశధార, నాగావళి తెచ్చే ఒండ్రు, వానాకాలపు మంచినీళ్లు వాటికి పడవు. మరి ఇక్కడి స్పాంజిలతో దిబ్బల గురించి ఏం చెప్పగలం?

నాగావళి_ల్యాబు:
దిబ్బ మీద జరిగేదంతా ఇక్కడా జరుగుతుందని రాయకూడదు, పద్ధతి నేర్చుకోవడానికి మాత్రం ఇది మంచి చోటు. దిబ్బల దగ్గర పగడాలు, నాచు వదిలే కరిగిన సేంద్రియ పదార్థాన్ని స్పాంజి పీల్చుకుని, తన రాలిన కణాల రూపంలో పీతలకీ, నత్తలకీ తిండిగా మారుస్తుందని 2013లో చూపించారు. 2015లో సహజీవులు ఫాస్ఫరస్‌ని పాలీఫాస్ఫేట్ గింజలుగా దాచుకుంటాయని తేలింది. అమ్మోనియాని నైట్రేటుగా మార్చేదీ ఈ సహజీవుల్లోని ఆర్కియా (బ్యాక్టీరియాలాంటి వేరే తెగ సూక్ష్మజీవులు), బ్యాక్టీరియాలే. పోషకాలు తక్కువున్న నీళ్లలో అంత జీవం నిలబడటంలో ఈ స్పాంజి, సహజీవుల జంటకి పెద్ద చేయే ఉంది. వేడికి ఈ జంట చెదిరిపోతుంది కూడా. గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఉండే రోపలాయిడిస్ ఒడరాబైల్ అనే స్పాంజిలో 31 డిగ్రీల దాకా సహజీవులు నిలకడగా ఉన్నాయి, 33 దగ్గర మాయమై స్పాంజి కుళ్లిపోయింది. సహజీవనం అన్నిసార్లూ దిబ్బకి మేలు చేస్తుందనీ అనుకోవద్దు. టెర్పియోస్ హోషినోటా అనే స్పాంజి ఒంటినిండా సయనోబ్యాక్టీరియాతో (ఎండతో తిండి చేసుకునే బ్యాక్టీరియా) నల్లగా పాకి బతికున్న పగడాన్ని కప్పేసి చంపుతుంది.

పూసపాటిరేగ_పీజీ:
సహజీవుల్ని ప్లేటు మీద పెంచి మందుల కోసం చూడొచ్చా?

నాగావళి_ల్యాబు:
చూడొచ్చు, కానీ ప్లేటు మీద పెరిగేవి చాలా కొద్ది. థియోనెల్లా స్విన్‌హోయి అనే స్పాంజిలో దొరికిన మందు పదార్థాల్లో చాలావాటిని తయారుచేసేది ఎంటోథియోనెల్లా అనే బ్యాక్టీరియా అని 2014లో తేల్చింది కూడా జన్యువులు చదివే. ఆక్టినోమైసిటిస్ (మందులకి పేరున్న బ్యాక్టీరియా తెగ) కావాలంటే స్టార్చ్ కేసిన్ అగార్‌ని సముద్రపు నీటితో చేసి, వేరే బ్యాక్టీరియాని, బూజుని అణిచే నాలిడిక్సిక్ యాసిడ్, సైక్లోహెక్సిమైడ్ కలిపి, 28 డిగ్రీల దగ్గర మూడు నాలుగు వారాలు ఆగండి. మొదటి వారం కమ్మేసేవి ఎక్కువగా బాసిల్లస్‌లు, వాటితో సరిపెట్టుకోవద్దు.

వంశధార_డైవ్:
నీళ్లలో దిగి కోసే ముందు అటవీశాఖ అనుమతి గురించి మీ ప్రాజెక్టు గైడుతో మాట్లాడండి. సీసాల లోపల పెన్సిలుతో రాసిన చీటీ వేయండి, పెన్ను రాత ఆల్కహాల్‌కి చెరిగిపోతుంది.