పెద్ద స్టేట్ యూనివర్సిటీనా, పేరు తెలియని చిన్న కాలేజీనా? మే 1 లోపు తేల్చుకోవాలి

నల్లకుంట_అమ్మ
అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి అమెరికాలో బ్యాచిలర్స్‌కి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి 40 వేల మందికి పైగా చదివే స్టేట్ యూనివర్సిటీ. రెండోది మిడ్‌వెస్ట్‌లో చిన్న ఊళ్లో లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, అంటే సైన్సు, ఆర్ట్స్ అన్నీ చెప్పే డిగ్రీ కాలేజీ, నాలుగేళ్లూ కలిపి 1,700 మంది. యూనివర్సిటీ ఖర్చు హాస్టలు, తిండితో సహా ఏడాదికి 52 వేల డాలర్లు, స్కాలర్‌షిప్ 12 వేలు. కాలేజీ ఖర్చు 84 వేలు, కానీ అందులో 46 వేలు ఎయిడ్ ఇస్తామన్నారు. అంటే మా చేతి నుంచి పడేది 40 వేలు, లేకపోతే 38 వేలు. మేజర్ (ముఖ్య సబ్జెక్టు) ఎకనామిక్స్ అనుకుంటోంది.

మా ఆయన యూనివర్సిటీ అంటున్నారు, అమ్మాయి కాలేజీ అంటోంది. వారం రోజులుగా అన్నం ముందు కూర్చున్నా ఇదే వాదన. నేను అడిగేది మూడు. చిన్న కాలేజీ నుంచి ఉద్యోగాలు వస్తాయా? తర్వాత మాస్టర్స్‌కి మంచి చోట తీసుకుంటారా? ఆ ఊళ్లో మనవాళ్లంటూ ఎవరూ లేరు, మా పిల్ల ఎవరితోనూ త్వరగా కలవదు, ఒంటరిదైపోతుందా?

కూకట్‌పల్లి_నాన్న
యూనివర్సిటీకే పంపండమ్మా. మా వాడు అలాంటి చిన్న కాలేజీలోనే మూడో సంవత్సరం. పోయిన నెల మా బావమరిది కూతురి పెళ్లిలో ఎక్కడ చదువుతున్నాడని వరసగా ఐదుగురు అడిగారు. పేరు చెబితే ఒక్కరికీ తెలియదు. ఒకాయనైతే 'డిగ్రీ కాలేజీనా, యూనివర్సిటీలో సీటు రాలేదా' అన్నాడు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తెచ్చినవాణ్ణి, ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. మైక్రోసాఫ్ట్ సత్య నాదెళ్ల చదివింది విస్కాన్సిన్ మిల్వాకీలో. అడోబీ శంతను నారాయణ్ మన ఉస్మానియా తర్వాత వెళ్లింది బౌలింగ్ గ్రీన్‌కి. రెండూ స్టేట్ యూనివర్సిటీలే. ఇంతకన్నా రుజువేం కావాలి?

రవళి_98
అంకుల్, వాళ్లిద్దరూ అక్కడికి వెళ్లింది మాస్టర్స్‌కి. బ్యాచిలర్స్ ఇక్కడే చేశారు. మాస్టర్స్‌కి పెద్ద యూనివర్సిటీ వేరు, 18 ఏళ్లకి వెళ్లడం వేరు.

నేను బ్యాచిలర్స్ చేసింది స్టేట్ యూనివర్సిటీలోనే. మొదటి సెమిస్టర్ ఎకనామిక్స్ క్లాసులో 400 మందిమి. సినిమా హాలులా మెట్లు మెట్లుగా ఉంటుంది. ఆలస్యమైతే పై వరసే దిక్కు, అక్కడి నుంచి ప్రొఫెసర్ ముఖం స్క్రీన్ మీద తప్ప కనిపించదు. హాజరుకి క్లికర్ అని చిన్న రిమోట్ లాంటిది కొనుక్కోవాలి, బటన్ నొక్కితే వచ్చినట్టు. డౌట్లు చెప్పేది టీఏలు (ప్రొఫెసర్‌కి సాయం చేసే పీజీ విద్యార్థులు), వాళ్లే పీహెచ్‌డీ పనితో తలమునకలై ఉంటారు. మూడో సంవత్సరం చివర మాస్టర్స్‌కి ఎల్‌ఓఆర్‌లు (ప్రొఫెసర్ల సిఫారసు లేఖలు) మూడు కావాల్సి వచ్చింది. నన్ను పేరు పెట్టి పిలవగలిగిన ప్రొఫెసర్ ఒక్కరూ లేరు. ఒకాయన నా గ్రేడు, క్లాసులో నా ర్యాంకు రాసిచ్చారు, అంతే. ఆంటీ, మీ రెండో ప్రశ్నకి నా జవాబు ఇదే.

డాలస్_బాబాయ్
అందరూ అసలు సంగతి వదిలేశారు. అమ్మాయి ఎకనామిక్స్ అంటోంది. ఎకనామిక్స్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కల కోర్సులు) కాదు. చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడ పనిచేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ అయితే ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పనిచేసుకోవచ్చు, హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీలో అన్నిసార్లు పేరు వేసుకోవచ్చు. ముందు మేజర్ మార్పించండి, కాలేజీ సంగతి తర్వాత.

వీసా_నిపుణుడు
నేను 15 ఏళ్లుగా అమెరికా అడ్మిషన్లు చూస్తున్నాను, వందల మంది పిల్లల్ని పంపాను. బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ ఇచ్చేది బి.ఎ., బి.ఎ.కి స్టెమ్ ఉండదు. ఇంకో మాట, స్టేట్ యూనివర్సిటీలో ఒక ఏడాది ఉంటే ఆ రాష్ట్రం వాళ్ల ఫీజుకి మారిపోవచ్చు, సగానికి సగం తగ్గుతుంది. కళ్లు మూసుకుని అక్కడ చేర్చండి.

రవళి_98
రెండూ తప్పే, క్షమించండి. బి.ఎ.నా, బి.ఎస్.నా అన్నదానితో స్టెమ్‌కి సంబంధం లేదు. చూసేది ఆ మేజర్‌కి కాలేజీ పెట్టుకున్న సీఐపీ కోడ్, అంటే కోర్సుకి ఉండే ప్రభుత్వ నంబరు. జనరల్ ఎకనామిక్స్ 45.0601, అది స్టెమ్ జాబితాలో లేదు. ఎకనామెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ 45.0603, అది ఉంది. చాలా చోట్ల డిపార్ట్‌మెంట్లు రెండో కోడ్‌కి మారిపోయాయి, చిన్న కాలేజీలు కూడా. డిగ్రీ పేరు ఎకనామిక్స్ అనే ఉంటుంది. కోడ్ ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) మీద మేజర్ పక్కనే అచ్చయి ఉంటుంది, అమ్మాయి మెయిల్ పెట్టి అడిగితే చెప్పేస్తారు.

ఫీజు సంగతి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద చదువు కోసం ఉన్నవాళ్లని మామూలుగా ఆ రాష్ట్రం వాళ్లుగా లెక్కవేయరు. నాలుగేళ్లూ బయటివాళ్ల ఫీజే. నేను కట్టాను.

వీసా_నిపుణుడు
అమ్మాయ్, నువ్వు ఒక్క యూనివర్సిటీ చూశావు, నేను వందల ఫైళ్లు చూశాను. మా పిల్లలు ఎంతోమందికి ఫీజు తగ్గింది.

రవళి_98
అది డిపార్ట్‌మెంట్ ఇచ్చే వేవర్ (ఫీజు మాఫీ), లేకపోతే మాస్టర్స్‌లో అసిస్టెంట్‌షిప్ (యూనివర్సిటీలోనే చేసే పని) వల్ల తగ్గింది. ఏడాది ఉన్నందుకు కాదు. ఒక తల్లి లక్షల్లో లెక్క వేసుకుంటుంటే తెలియని మాట గట్టిగా చెప్పకండి, దయచేసి.

మణికొండ_శ్రీ
ఈ 'కళ్లు మూసుకుని చేర్చండి' మాట వింటే నాకు ఒళ్లు మండిపోతుంది. మా తమ్ముడు ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఎదురుగా మూడు పేర్లున్న కాగితం పెట్టారు. నాలుగోది అడిగితే 'అక్కడ వీసా రాదు' అన్నారు. ఆ మూడూ వాళ్లకి కమిషన్ ఇచ్చేవని చేరిన ఏడాదికి తెలిసింది. మంచి ఎయిడ్ ఇచ్చే చిన్న కాలేజీలు మామూలుగా ఏజెంట్లకి డబ్బులివ్వవు. అందుకే మన దగ్గర వాటి పేర్లు ఎవరి నోటా వినిపించవు.

వీసా_నిపుణుడు
అందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. నేను ఏ పిల్లాడి దగ్గరా మోసం చేయలేదు. ఇక ఇక్కడ రాయను.

లెక్కల_మాస్టారు
నేను నిజాం కాలేజీలో చదివాను, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఏడాదికి 40 వేల డాలర్లంటే నాలుగేళ్లకి ఎన్ని రూపాయలో లెక్క కట్టండి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, 1974 నుంచి. ఇంటర్ కాగానే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఎ. ఎకనామిక్స్‌లో చేరవచ్చు. క్లాసులు చిన్నవి, ప్రొఫెసర్లు దగ్గరుంటారు, నల్లకుంట నుంచి ఆదివారం వెళ్లి పిల్లని చూసి రావచ్చు. ఆ తర్వాత పీహెచ్‌డీకి వాళ్ల డబ్బుతోనే అమెరికా వెళ్లనివ్వండి. మా శిష్యులు అలా వెళ్లినవాళ్లున్నారు.

శేరిలింగంపల్లి_77
మాస్టారూ, ఆ క్యాంపస్ మిగలనిస్తే కదా. 2025లో ఆ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు ఎలా కొట్టేశారో మా బాల్కనీ నుంచి చూశాం. రాత్రంతా జేసీబీల చప్పుడు, నెమళ్ల అరుపులు. సుప్రీంకోర్టు ఆపమంటేనే ఆగింది.

డాలస్_బాబాయ్
భూముల గొడవకి వేరే చోటు ఉంది. ఇక్కడ ఒక అమ్మాయి చదువు గురించి మాట్లాడుకుంటున్నాం.

అయోవా_అబ్బాయి
నేను ఒక చిన్న కాలేజీలో నాలుగో సంవత్సరం, ఫిజిక్స్. మాది వరంగల్, ఇంటర్ హైదరాబాద్‌లో. నిన్నటి నుంచి చదువుతున్నాను, ఇక ఆగలేక రాస్తున్నాను.

ఇక్కడ పీజీ విద్యార్థులే లేరు. అందుకే పెద్ద చోట పీహెచ్‌డీ వాళ్లు చేసే ల్యాబ్ పని ఇక్కడ మాకు వస్తుంది. రెండో సంవత్సరం వేసవిలో మా ప్రొఫెసర్ దగ్గర పది వారాలు పనిచేశాను, జీతం ఇచ్చారు. లేజర్ అద్దాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ మధ్యాహ్నాలు గడిచేవి. చెయ్యి వణికితే పొద్దున్నుంచి చేసిందంతా పోయేది. ఆవిడ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని 'మళ్లీ చెయ్' అనేవారు. నా ఎల్‌ఓఆర్‌లో ఆ వేసవంతా ఉంది.

ఇంటెల్ పెట్టిన రాబర్ట్ నోయిస్ ఈ అయోవాలోనే గ్రిన్నెల్ కాలేజీలో చదివాడు, 1949లో డిగ్రీ. ట్రాన్సిస్టర్ కొత్తగా వచ్చిన రోజుల్లో గ్రాంట్ గేల్ అనే ఫిజిక్స్ మాస్టారు దాన్ని ఆయనకి పరిచయం చేశారు. పేరు తెలియదని చిన్నచూపు చూడకండి.

డాలస్_బాబాయ్
తమ్ముడూ, నోయిస్‌తో కలిసి 1968లో ఇంటెల్ పెట్టిన గోర్డన్ మూర్ ఎక్కడ చదివాడో కూడా చెప్పు. బర్కిలీ. పెద్ద పబ్లిక్ యూనివర్సిటీ.

అయోవా_అబ్బాయి
ఒప్పుకుంటాను అన్నా. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. కానీ నేను అయితే ఆ 400 మంది క్లాసులో వెనక కూర్చునేవాణ్ణి, చెయ్యెత్తేవాణ్ణి కాదు. ఇక్కడ 14 మందిమి. చదవకుండా వస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కంపెనీల విషయంలో పెద్ద యూనివర్సిటీదే పైచేయి. అక్కడి కెరీర్ ఫెయిర్‌కి వచ్చినన్ని కంపెనీలు మా దగ్గరికి రావు. మా సీనియర్లకి మెయిల్స్ రాసి మేమే వెతుక్కోవాలి. చలి మాత్రం భయంకరం, జనవరిలో మైనస్ 20 దాకా చూశాను.

నల్లకుంట_అమ్మ
అందరికీ చాలా థాంక్స్. కోడ్ గురించి మాకు ఎవ్వరూ చెప్పలేదు, అమ్మాయి రాత్రే రెండు చోట్లకీ మెయిల్ పెట్టింది. కానీ నా మూడో ప్రశ్నకి ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. నాకు నిద్ర పట్టనిది దాని వల్లే.

తార్నాక_అక్క
నేను చెబుతానమ్మా. మా ఇద్దరమ్మాయిలూ వెళ్లారు, పెద్దది పెద్ద యూనివర్సిటీకి, చిన్నది చిన్న కాలేజీకి.

పెద్దది రెండో ఏడు అపార్ట్‌మెంట్‌లో నలుగురు తెలుగు పిల్లలతో ఉంది. పప్పు, చారు, పండక్కి పులిహోర, దేనికీ లోటు లేదు. అయినా ఒకసారి జ్వరం వస్తే మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, క్లాసులో ఎవరికీ తెలియలేదు. చిన్నదానికి సెప్టెంబరంతా ఏడుపే. వారానికి మూడుసార్లు వీడియో కాల్, 'డైనింగ్ హాల్లో ట్రే పట్టుకుని నిలబడితే ఎవరి పక్కన కూర్చోవాలో తెలియట్లేదమ్మా' అని. అక్టోబర్‌లో ఒకరోజు క్లాసుకి పోకపోతే సాయంత్రానికి ప్రొఫెసర్ మెయిల్, ఒంట్లో బాగుందా అని. ఆ మెయిల్ నాకు ఫార్వర్డ్ చేసింది, ఇప్పటికీ దాచుకున్నాను. అక్కడ ఊళ్లో వాళ్లని హోస్ట్ ఫ్యామిలీగా ఇస్తారు, థ్యాంక్స్‌గివింగ్ పండక్కి వాళ్లింటికే వెళ్లింది.

మీరు అడగాల్సినవి ఇవి. డిసెంబర్ సెలవుల్లో హాస్టల్ తెరిచి ఉంచుతారా? కొన్ని చోట్ల మూసేస్తారు, పిల్లలు ఎక్కడికి పోవాలో తెలియక అవస్థ పడతారు. ఎయిర్‌పోర్ట్‌కి బస్సు ఉందా? హాస్టల్లో వండుకోవడానికి కిచెన్ ఉందా? మెస్ ఎలాగూ తప్పదు, శాకాహారులైతే మెనూ పంపమనండి. నాలుగోది ముఖ్యం, ఆ 46 వేలు నాలుగేళ్లూ ఇస్తారా, ఫీజు పెరిగితే ఎయిడ్ కూడా పెరుగుతుందా. ఇది రాతపూర్వకంగా తీసుకోండి. మా పెద్దదాని స్కాలర్‌షిప్ అంతే ఉంది, ఫీజు మాత్రం ఏటా పెరిగింది.

మణికొండ_శ్రీ
డబ్బు పంపేటప్పుడు టీసీఎస్ (విదేశాలకి పంపే డబ్బు మీద బ్యాంకు ముందే పట్టే పన్ను) కూడా చూసుకోండి. బ్యాంకు ఎడ్యుకేషన్ లోను మీద పంపితే 2025 ఏప్రిల్ నుంచి పడదు. సొంత డబ్బు అయితే ఏడాదికి 10 లక్షలు దాటిన దాని మీద పడుతుంది.

నల్లకుంట_అమ్మ
అక్కా, మీరు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, మెయిల్ తనే టైప్ చేస్తానన్నారు. కాలేజీ నుంచి కోడ్ వచ్చింది, 45.0603. యూనివర్సిటీ నుంచి ఇంకా రాలేదు. రేపు సాయంత్రం ఆ కాలేజీలో చదివే చెన్నై అమ్మాయితో మా పిల్ల మాట్లాడుతుంది.

కూకట్‌పల్లి_నాన్న
ఇదంతా చదివి రాత్రి మా వాడికి ఫోన్ చేసి ఐ-20 ఫొటో పంపమన్నాను. వాడిదీ ఎకనామిక్సే, ఒక్క ఏడాదే ఉండనిస్తారని మూడేళ్లుగా భయపడుతున్నాను. 45.0603 అని ఉంది. రవళి అమ్మా, ఇది స్టెమ్ జాబితాలో ఉన్నదే కదా? ఇంకొక్కసారి చెప్పు తల్లీ, మా ఆవిడని లేపి చెప్పాలి.