దాచి ఉండనీ? దాచి ఉంచనీ?

స్టూడియోబాబు: మా స్టూడియో కుర్రాళ్ళకి పెళ్ళి ఆల్బమ్ ఫైళ్ళ గురించి ఒక కాగితం రాస్తున్నాను. కస్టమర్‌కి జేపెగ్ వెళ్తే చాలు, కెమెరా ఇచ్చే రా ఫైళ్ళూ, లేయర్లు (పొరలు) విడివిడిగా ఉన్న ఫోటోషాప్ పీఎస్‌డీలూ చెరపకండి అని. పైన అన్నమయ్య "దాచుకో నీ పాదాలకు" కీర్తనలోని మాట పెడదామని కూర్చుంటే "ఒక్క సంకీర్తనే చాలు ఒద్దికై మమ్ము రక్షించగ", "తక్కినవి భాండారాన దాచి" దాకా వచ్చి ఆగిపోయాను. ఆ తర్వాత ఉండనీనా, ఉంచనీనా?

గసడదవ: "దాచి వుండనీ", వకారంతో. తక్కినవి కర్త. అవి ఉండనీ, అంటే ఉండనిమ్ము.

అరసున్న: నేను విన్నది ఉంచనీయే. పై పాదంలో "మమ్ము" ఉంది కదా, దాన్ని కిందికి తెచ్చుకుంటే మమ్ము ఉంచనీ.

గసడదవ: ఆ మమ్ము "రక్షించగ"ది సార్. పై పాదం సొమ్ము కింది పాదానికి ఇలా ధారపోస్తే ఏ పద్యానికైనా ఏ అర్థమైనా వస్తుంది.

రాగిరేకు: ఛందస్సుతో తేలదు. తక్కినవికీ దాచికీ యతి, కాబట్టి "దాచి" కదలదు. ఆ తర్వాతి మాట ఉండనీ అయినా ఉంచనీ అయినా గురువు, లఘువు, గురువే. అసలు పల్లవిలో "తగ నే జేసిన"ని "తగనే జేసిన" అని కలిపి పాడేవాళ్ళ సంగతి ముందు తేల్చండి.

లేయర్లరాణి: మీకు దాచి తర్వాతి మాట మీద టెన్షన్, నాకు దాచు మీదే. ఫోటోషాప్‌లో లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కితే లేయర్ దాక్కుంటుంది. "లేయర్లు దాచండి" అని రాశారో, పిల్లలు కన్ను మూసేసి, జేపెగ్ చేసి, పీఎస్‌డీని గాలికి వదిలేస్తారు. సేవ్ అనే రాయండి బాబూ.

స్టూడియోబాబు: సేవ్ అన్నా గొడవే అమ్మా. 2021లో ఫోటోషాప్ 22.4 నుంచి లేయర్లున్న ఫైలుకి సేవ్ యాజ్‌లో జేపెగ్ మాయమైంది. సేవ్ ఎ కాపీలోకి వెళ్ళాలి. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అయితే 2012లో 2.8 నుంచే సేవ్ అంటే దాని సొంత ఎక్స్‌సీఎఫ్ ఒక్కటే, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్.

లేయర్లరాణి: మంచిదేగా. జేపెగ్‌నే తెరిచి దిద్ది మళ్ళీ మళ్ళీ సేవ్ చేస్తూ పోతే అది బొమ్మను విడగొట్టే 8×8 పిక్సెళ్ళ గళ్ళలో వివరం అరిగిపోతుంది. చీర జరీ అంచు దగ్గర చూడండి, మరకలు తేలతాయి. ఆల్బమ్ పేజీ 2 జీబీ దాటితే పీఎస్‌డీ తీసుకోదు, పెద్ద ఫైళ్ళ కోసం ఉన్న పీఎస్‌బీ చేయాలి. అదీ కాగితంలో పెట్టండి.

రాగిరేకు: పాటలు చెక్కిన తాళ్ళపాక వారి రాగిరేకులకు ఆ బెడద లేదు. అన్నమయ్య (1408–1503) భాండారాన అన్నాడు, నిజంగానే తిరుమల భాండాగారంలో కొన్ని శతాబ్దాలు పడి ఉన్నాయి. 32 వేల కీర్తనలు రాశాడని చెబుతారు, దొరికినవి అందులో సగం లేవు. ఏ బ్యాకప్ అండీ అది!

అరసున్న: దొరికినవాటిలో ఉంచనీ ఉందో లేదో రేకు ఫోటో పెట్టి మాట్లాడండి.

గసడదవ: ఉండనీ ఉన్న ముద్రిత ప్రతి మా ఇంట్లో ఉంది, సాయంత్రం పెడతాను. జేపెగ్‌లోనే.

అరసున్న: ముద్రిత ప్రతి పరిష్కర్త చదివిన పాఠం. నేను అడిగింది రేకు.

స్టూడియోబాబు: ఫోల్డర్ పేరైనా చెప్పండి. భాండారమా, భండారమా?

రాగిరేకు: వాడుకలో రెండూ ఉన్నాయి. అది పక్కన పెట్టి కింది పాదం చూడండి, "వెక్కసమగు నీ నామము". అక్కడ వెక్కసం అంటే మోయలేనంతనా, లేక ఊరికే మిక్కిలి అనా?

గసడదవ: మిక్కిలి.

అరసున్న: కానే కాదు.