జైల్లో కోడింగ్ నేర్పితే బయట ఉద్యోగం ఇచ్చేదెవరు?

లెక్కల టీచర్, సైదాబాద్:
చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్లలో అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ చదివే వీలు ఎప్పట్నుంచో ఉంది. బీఏ దగ్గరే ఆగిపోవడమెందుకు? కోడింగ్, ఎలక్ట్రానిక్స్ కూడా పెట్టొచ్చు కదా! అమెరికాలో శాన్ క్వెంటిన్ జైల్లో 2014లోనే కోడింగ్ క్లాసులు మొదలుపెట్టారు, అదీ ఖైదీలకు ఇంటర్నెట్ ఇవ్వకుండానే.

నిజాంపేట నాన్న:
మా వాడి బీటెక్‌కి లోన్ తీసుకున్నాం. ఆఫర్ లెటర్ ఇంకా రాలేదు, ఈఎంఐ మాత్రం ఠంచనుగా వస్తోంది. తప్పు చేసినవాడికి అదే చదువు ఫ్రీనా?

లెక్కల టీచర్:
మీ బాధ అర్థమైంది సార్. కానీ "తప్పు చేసినవాడు" అని తేలిందెక్కడ? 2022 చివరికి మన దేశం జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలే. ఇది జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క.

మాదాపూర్ హెచ్‌ఆర్:
టీచర్ గారూ, ఆ లెక్క మీ వాదనకే అడ్డం. విచారణ ఖైదీకి బెయిల్ ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. ఆరు నెలల కోర్సులో రెండో నెలకే బయటికొస్తే మిగతాది ఎక్కడ చదవాలి? సరే, పూర్తిచేశాడే అనుకుందాం. మా దగ్గర ఇంటర్వ్యూ పాసైనా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతాడు. కోర్టు రికార్డుల్లో పేరు కొడితే కేసు కనిపిస్తుంది. కేసు కొట్టేసినా సరే, మేనేజర్ "రిస్క్ ఎందుకండీ" అంటాడు. ఫారంలో దాస్తే అది ఇంకా ప్రమాదం. దాచినందుకు ఉద్యోగంలోంచి తీసేయొచ్చని, నిజం చెప్పినా ఆ కేసును యజమాని లెక్కలోకి తీసుకోవచ్చని 2016లో సుప్రీంకోర్టే చెప్పింది. అన్ని రకాల కేసుల్నీ ఒకే గాటన కట్టొద్దని కూడా చెప్పిందనుకోండి, ఆ ముక్క మా ఆఫీసుల్లో ఎవరూ చదవరు.

ఏసీ మెకానిక్, ఈసీఐఎల్:
హెచ్‌ఆర్ మేడం చెప్పింది కరెక్టే. నేనైతే ల్యాప్‌టాప్ పక్కనబెట్టి ఏసీ పని నేర్పమంటా. ఇది చిన్న పని కాదన్నా. ఇన్వర్టర్ ఏసీలో బోర్డు పోతే మీటర్ పట్టుకుని ఏ కాంపొనెంట్ కాలిందో వెతకాలి. కొత్త మెషీన్లలో వచ్చే ఆర్-32 గ్యాస్ కొంచెం మండే రకం. పైపుల్లో గాలి, తేమ లేకుండా వాక్యూమ్ పంపుతో లాగాకే నింపాలి. చాలామంది అది ఎగ్గొట్టి గ్యాస్ కొట్టేసి పోతారు, కంప్రెసర్ పోయాక కస్టమర్ మమ్మల్ని తిడతాడు. ప్రెషర్ ఎందుకు పడిపోయిందో తెలిసినోడు దొరకడం కష్టంగా ఉంది. ఎండాకాలం నాకు పిల్లలు చాలరు. పని వస్తే చాలు, ఫారం గీరం అడగను.

లెక్కల టీచర్:
అంటే కోడింగ్ పెద్దింటి పిల్లలకి, స్పానర్ జైలు పిల్లలకీనా? జైళ్ల శాఖ ఖైదీలతో పెట్రోల్ బంకులు నడుపుతోంది, మంచిదే. లోపల డిగ్రీ చదివినవాడికీ ఆ పంపు దగ్గరి పనే గతా?

ఏసీ మెకానిక్:
వద్దనట్లేదు టీచర్ గారూ. ముందు కడుపు నిండే పని, తర్వాత మీ కోడింగ్. ఫ్రీలాన్స్‌గా చేసుకుంటానంటే ఇంకా మంచిది, అక్కడ వెరిఫికేషన్ గొడవ తక్కువ.

నిజాంపేట నాన్న:
ఏసీ పనికైతే నాకు అభ్యంతరం లేదు. కానీ అలాంటి కుర్రాణ్ణి మా ఇంటికి పంపేముందు చెప్తారా?

ఏసీ మెకానిక్:
చెప్పను సార్. గ్యారంటీ నాది, ఫోన్ నంబర్ నాది. ఏదైనా తేడా వస్తే నన్ను పట్టుకోండి.